ఫెర్మీన్ మెడ మీది బిళ్ళ

ఫెర్మీన్ కనావిరికి మెడ మీద బిళ్ళ కట్టిందని గనుల ఊరైన ఒరూరోలో మా వీధి మొత్తానికి తెలుసు. అది ఎప్పుడు మొదలైందో మాత్రం అతనికే సరిగ్గా తెలియదు. ఎడమవైపు, మెడ భుజంలో కలిసే చోట, మొదట శనగగింజంత ఉండేది. తర్వాత రేగుపండంత అయింది. నొప్పి లేదు, జ్వరం లేదు, తిండి తగ్గలేదు. అందుకే ఎవరూ కంగారుపడలేదు.

పైగా దానికి కారణం అందరికీ కళ్ళెదురుగానే కనిపించేది. ఫెర్మీన్ బ్యాండులో అన్నిటికన్నా పెద్ద బూర వాయించేవాడు. ఆ ఇత్తడి గొట్టం మనిషి ఒంటిని చుట్టుకొని, బరువంతా ఎడమ భుజం మీద మోపి, తల పైన బండిచక్రమంత నోరు తెరుచుకొని ఉంటుంది. కార్నివాల్ ఊరేగింపులో దాన్ని మోస్తూ ఊరి ఆ చివర నుంచి ఈ చివరి దాకా, ఎత్తెక్కి గని మాత గుడి దాకా నడవాలి. అంత బరువు మోస్తే మెడ మీద ఏదో ఒకటి రాక ఏమవుతుందని అనుకున్నాం.

అతని భార్య డెల్ఫీనా ఒక్కతే అలా అనుకోలేదు. ఆమె పొద్దున్నే బజారులో ఊదారంగు మొక్కజొన్న జావ, చీజు పెట్టి వేయించిన పూరీలు అమ్ముతుంది. సాయంత్రాలు మా ఇంట్లో కూర్చునేది. నేను కార్నివాల్ దుస్తులకు జరీ కుట్టేదాన్ని. మా గోడకు అవతలే ఫెర్మీన్ దుకాణం. సొట్టపోయిన బూరలు, ఊడిపోయిన మీటలు అక్కడ బాగుచేసేవాడు. గోడ పలచన కావడంతో వాళ్ళ మాటలన్నీ నాకు వినిపించేవి.

"అది బిళ్ళ కాదే, కాయ. గడ్డపార పట్టినవాడి చేతికి కాయ కాయదా? నాకు మెడకి కాచింది."

"కాయ అయితే గట్టిగా ఉండాలి. ఇది వేలు పెడితే చేపపిల్లలా జారుతోంది."

"నువ్వు మాటిమాటికీ వేలు పెడుతుంటే జారక ఏం చేస్తుంది?"

ఫెర్మీన్ తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడితే ఇలాగే ఉండేది. అతను అసలు మాట కలపని మనిషి ఒకడుండేవాడు. అతనే డెల్ఫీనా అన్న సతుర్నీనో వరాచి, బ్యాండు నాయకుడు. ట్రంపెట్ వాయించేవాడు. వాళ్ళిద్దరి గొడవ ఒక పాట దగ్గర వచ్చింది. అది బరువైన అడుగుల నాట్యానికి కట్టిన పాట. ఊళ్ళో అందరి నోటా ఆడేది. దాన్ని కట్టింది తనేనని ఫెర్మీన్ అనేవాడు. రికార్డు వచ్చినప్పుడు అట్ట మీద సతుర్నీనో పేరే ఉంది. ఆ రోజు నుంచి ఫెర్మీన్ బావతో నేరుగా మాట్లాడలేదు. అలాగని బ్యాండు మానలేదు, పండగ భోజనాలు మానలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చొని, "డెల్ఫీనా, మీ అన్నని ఆ ఉప్పు ఇటు జరపమను" అనేవాడు. సతుర్నీనో ఉప్పు జరిపి, "డెల్ఫీనా, మీ ఆయనకి కారం కూడా కావాలేమో అడుగు" అనేవాడు.

ఒక ఏడాది నవంబరులో, కార్నివాల్ సాధనలు మొదలైన మొదటి ఆదివారం, బూర అతని భుజం మీద కూర్చోలేదు. బిళ్ళ కోడిగుడ్డంత అయింది. గుడ్డ మడతపెట్టి వేసుకున్నా గొట్టం పక్కకు ఒరిగిపోయింది. డెల్ఫీనా మర్నాడు జావ గిన్నె కూడా దించకుండా మొగుణ్ణి ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

అక్కడి సర్జను సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. క్రిస్మస్‌కి ముందు ఫలితం వచ్చింది. రక్తంలోని బి కణాలు చెడిపోయి పెరుగుతున్నాయనీ, చూస్తే వేగంగా పాకే రకం క్యాన్సరులా ఉందనీ, అయితే ముక్క చాలా చిన్నదనీ, లా పాస్‌లో పెద్ద డాక్టర్లకు చూపించుకోవాలనీ సర్జను చెప్పాడు. ఇందులో ఫెర్మీన్ చెవికి ఎక్కినవి రెండే మాటలు: వేగంగా, క్యాన్సరు. అంతకు ముందు ఏడాదే వాళ్ళ బ్యాండులో పెద్ద డోలు వాయించే అతను అలాంటిదేదో వచ్చి ఒక్క చలికాలంలోనే పోయాడు.

ఆ రోజు అతను ఇంటికొచ్చి ఏమీ జరగనట్టే ఒక ట్రంపెట్ సొట్ట తీశాడు. తర్వాత పంచిపెట్టడం మొదలుపెట్టాడు.

మంచి కోటు ఎదురింటి బేకరీ అతనికి ఇచ్చాడు. చేతి గడియారం తమ్ముడికి పంపాడు. మా ఇంటికొచ్చి, ఇన్నేళ్ళు సుత్తి చప్పుడుతో విసిగించానని క్షమాపణ అడిగి, మంచి కత్తెర ఒకటి నా చేతిలో పెట్టాడు. నేను వద్దన్నాను. "ఉంచుకో అక్కా. నేను పైకి పట్టుకెళ్తానా ఏంటి?" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖంలో బాధ లేదు. పని ఒక వరసలో పెట్టుకున్న మనిషిలా ఉన్నాడు.

బూరను సతుర్నీనో కూతురు నేలిదాకు ఇచ్చాడు. ఆ అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. బ్యాండులో తాళాలు కొట్టేది. పెద్ద బూర ఆడవాళ్ళ పని కాదని తండ్రి ఎప్పుడూ కొట్టిపారేసేవాడు. మావయ్య దుకాణంలో ఎవరూ లేనప్పుడు ఆమె దాన్ని ఎత్తుకొని వాయించడం గోడ ఇవతల నుంచి నేను చాలాసార్లు విన్నాను.

"మావయ్యా, నాన్న ఒప్పుకోడు."

"మీ నాన్నని చచ్చేవాడి మాట కాదనమను, చూద్దాం."

జనవరిలో సాధన జరుగుతుండగా, అందరూ ఉన్నప్పుడు, ఫెర్మీన్ లేచి నిలబడ్డాడు. అన్నేళ్ళ తర్వాత మొదటిసారి బావ ముఖంలోకి చూసి మాట్లాడాడు.

"బావా, ఆ పాట నీదే అనుకో. ఇక నుంచి నాది అనను. అందరూ విన్నారుగా, అయిపోయింది."

సతుర్నీనో ట్రంపెట్ పక్కన పెట్టి ఏడ్చాడు. వచ్చి కౌగలించుకున్నాడు. బ్యాండులో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. పాట తనది కాదని మాత్రం సతుర్నీనో అనలేదు. అది ఆ రోజు ఎవరూ గమనించలేదు. డెల్ఫీనా గమనించింది.

లా పాస్ వెళ్ళడానికి ఫెర్మీన్ ఒప్పుకోలేదు. కార్నివాల్ దాకా ఉంటే చాలు, ఆ తర్వాత ఏదైతే అదవుతుంది అన్నాడు. డెల్ఫీనా మర్నాడు అంది: "ఎలాగూ పోయేవాడివే కదా. ఒకసారి లా పాస్ చూసి పో." ఆ మాటకు అతను నవ్వేశాడు. నవ్వాక కాదనలేకపోయాడు.

అక్కడి రక్తం జబ్బుల డాక్టరు కాగితాలు చూసి, మెడ తడిమి, పొట్ట తడిమి, ఎన్నాళ్ళ నుంచి ఉందని మళ్ళీ మళ్ళీ అడిగాడు. నాలుగైదేళ్ళు అయి ఉంటుందని డెల్ఫీనా చెప్పింది. వేగంగా పెరిగేదైతే అన్నేళ్ళు ఊరుకోదు, నాకు ఈ ముక్క చాలదు, బిళ్ళ మొత్తం కావాలి అన్నాడు డాక్టరు. ఫిబ్రవరి మొదటి వారంలో బిళ్ళను పూర్తిగా కోసి తీశారు. పరీక్షలు కావాలి, రంగులు వేసి చూడాలి, సమయం పడుతుంది అన్నారు. అప్పటికి కార్నివాల్ ముంచుకొచ్చింది.

ఆ శనివారం ఊరేగింపులో ఫెర్మీన్ మెడకు కట్టుతో, వాయిద్యం లేకుండా, బ్యాండు పక్కన నడిచాడు. అతని చోట నేలిదా పెద్ద బూర మోసింది. జనం మొదట అతన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, తర్వాత ఆమెను చూసి నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎత్తు దగ్గర ఆమెకు ఊపిరి అందక స్వరం తప్పింది. ఫెర్మీన్ పక్కకు జరిగి, "ఊపిరి పొట్టలోంచి తీయి, భుజంలోంచి కాదు" అన్నాడు. గుడి ముందు ఆ పాట వాయించారు. సతుర్నీనో టోపీ తీసి జనానికి వంగి దండం పెట్టాడు. ఫెర్మీన్ నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

మార్చిలో లా పాస్ నుంచి కబురొచ్చింది. వెళ్తే, ఈసారి బిళ్ళను పరీక్షించిన డాక్టరమ్మ, హిమేనా లోఆయ్సా అనే ఆమె, తన గదికే రమ్మంది. మైక్రోస్కోపు ముందు స్టూలు వేసి కూర్చోమంది.

"కనావిరి గారూ, ఆ గాజులోకి చూడండి. చిన్నచిన్న చుక్కలు గుంపుగా కనిపిస్తున్నాయా? అవి మామూలు కణాలు. వాటి మధ్యలో అక్కడక్కడ ఒకటి పెద్దగా, మడతలు మడతలుగా, పేలిన మొక్కజొన్న గింజలా ఉంది, చూశారా?"

చాలాసేపటికి అతనికి కనిపించింది. "ఉంది. పూర్తిగా విచ్చుకోని పువ్వులా ఉంది."

"దాన్ని మేం పేలాల కణం అంటాం. అది కూడా బి కణమే. జబ్బులతో పోరాడటానికి పుట్టినది, దారి తప్పింది. మీ జబ్బు అదే."

"ఇవేనా? ఇన్నే ఉన్నాయా?"

"ఇన్నే. మిగతా అంతా చుట్టూ మూగిన జనం. మీ బిళ్ళలో జబ్బు కన్నా దాన్ని చూడ్డానికొచ్చిన వాళ్ళే ఎక్కువ."

"మా కార్నివాల్ లాగానే ఉంది, డాక్టరమ్మా."

ఆమె నవ్వి, తర్వాత నిదానంగా చెప్పింది. మొదటి చిన్న ముక్కలో ఈ పెద్ద కణాలు నాలుగైదే దొరికాయి. వేగంగా పాకే రకంలో కూడా ఇలాంటివి కనిపిస్తాయి. బిళ్ళ మొత్తం చూస్తేనే అవి గూళ్ళు కట్టుకొని ఎలా కూర్చున్నాయో తెలుస్తుంది. ఇది హాడ్జ్‌కిన్ అనే క్యాన్సరు జాతిలో అరుదైన రకం. చాలా నెమ్మది. మిగతా ఒంట్లో ఎక్కడా లేదని స్కానింగులో తేలింది కాబట్టి మెడకు కొన్ని వారాలు కరెంటు, అంటే రేడియేషను, పెడితే సరిపోతుంది. కాకపోతే ఇది ఎన్నేళ్ళకైనా మళ్ళీ తలెత్తవచ్చు. అరుదుగా వేగంగా పాకే రకంగా మారనూ వచ్చు. బతికినంత కాలం చూపించుకుంటూ ఉండాలి.

"అయితే నేను చావను?"

"చస్తారు. అందరిలాగే. దీంతో మాత్రం ఇప్పుడప్పుడే కాదు."

ఫెర్మీన్ స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. డెల్ఫీనా గోడకు ఆనుకొని ఏడుస్తోంది. అతను ఆమె వైపు తిరిగి అన్న మొదటి మాట ఇది: "పేలాల కోసం నా బూర ఇచ్చేశానా?"

ఊరికి తిరిగొచ్చాక సంతోషంతో పాటు ఒక రకమైన ఇబ్బంది కూడా మొదలైంది. అంత వీడ్కోలు చెప్పించుకున్న మనుషులకు ఇప్పుడు అతన్ని ఎలా పలకరించాలో తెలియలేదు. బేకరీ అతను కోటు వేసుకొని వీధిలోకి రావడం మానేశాడు. మీ మొగుడు ఇంకా పోలేదా అని బజారులో ఒకావిడ డెల్ఫీనాను నిజంగానే అడిగింది. ఎగతాళికి కాదు, తెలియక. నేను కత్తెర తిరిగి ఇవ్వబోతే ఫెర్మీన్ తీసుకోలేదు.

పాట సంగతి మాత్రం అతన్ని నిద్రపోనివ్వలేదు. గోడ అవతల నుంచి వినిపించేది.

"చచ్చిపోతాననుకొని ఇచ్చాను డెల్ఫీనా. చచ్చిపోతాననుకోకపోతే ఇచ్చేవాణ్ణా?"

"అయితే చచ్చిపో. అప్పుడు మాట నిలబడుతుంది."

"వెటకారమా?"

"మరేంటి? మనిషి బతికొచ్చాడని నేను కొవ్వొత్తులు వెలిగిస్తుంటే నువ్వు పాట పోయిందని ఏడుస్తున్నావు. కావాలంటే వెళ్ళి అడుగు. వాడు మా అన్నే కదా, పులి కాదు."

"ఇచ్చింది తిరిగి అడిగితే ఏమనుకుంటారు?"

"పిసినారి అనుకుంటారు. బతికున్న పిసినారి."

కరెంటు పెట్టించుకోవడానికి వారమంతా లా పాస్‌లోనే ఉండాలి, శని ఆదివారాలు ఇంటికి రావచ్చు. డెల్ఫీనాకు బజారు వదిలి వెళ్ళడం కుదరలేదు. సతుర్నీనో తానే వస్తానన్నాడు. ఎందుకన్నాడో తెలియదు. పాట ఇచ్చినందుకు కృతజ్ఞత కావచ్చు, చెల్లెలి మీద ప్రేమ కావచ్చు. సోమవారం తెల్లవారే బస్సులో బావాబావమరుదులు పక్కపక్కన కూర్చొని వెళ్ళేవాళ్ళు. మొదటి వారం వాతావరణం గురించి మాట్లాడుకున్నారట. రెండో వారం పాత బ్యాండుల గురించి. ఫెర్మీన్ మెడ చర్మం నల్లబడి, గొంతు మండి, జావ తప్ప మింగలేకపోయాడు. సతుర్నీనో ఫ్లాస్కులో పోసి తాగించేవాడు.

మూడో వారం, బస్సు చదునైన మైదానం మీద పోతుండగా, ఫెర్మీన్ అడిగేశాడు. ఈ మాటలు తర్వాత ఇద్దరూ వేరువేరుగా మాకు చెప్పారు. రెండు కథనాలూ ఇంచుమించు ఒకటే.

"బావా, సిగ్గు విడిచి అడుగుతున్నాను. పాట తిరిగి ఇచ్చెయ్."

సతుర్నీనో ఫ్లాస్కు మూత బిగించాడు.

"అందరి ముందు ఇచ్చావు."

"అందరి ముందే అడుగుతాను, కావాలంటే."

"అడిగి నన్ను దొంగని చెయ్."

"నువ్వు దొంగవు కాదా?"

ముందు సీటు మనిషి వెనక్కి తిరిగి చూశాడు. సతుర్నీనో గొంతు తగ్గించాడు. "రెండో భాగం ఎవరు కట్టారు? ట్రంపెట్లు పైకెక్కే చోట? నువ్వు తెచ్చినప్పుడు పాటకి తల ఉంది, మొండెం లేదు. ఎలా ముగించాలో నీకే తెలీలేదు. గుర్తులేదా?"

ఫెర్మీన్ మండే గొంతుతోనే సన్నగా పాట మొదటి నుంచి కూనిరాగం తీశాడు. మొదటి భాగం అయ్యాక ఆగాడు. ఆ తర్వాత సతుర్నీనో అందుకున్నాడు. అతను ముగించే దాకా ఫెర్మీన్ కళ్ళు మూసుకొని విన్నాడు.

"అది నీదే," అన్నాడు చివరికి. "అది నాకెప్పుడూ తెలుసు."

"ముందుది నీది. అదీ నాకు తెలుసు."

"మరి అట్ట మీద ఎందుకు రాయించలేదు?"

"అప్పుడు మనం రెండు పేర్లు రాసుకునేంత పెద్దవాళ్ళమా? రికార్డు చేసేవాడు ఒక పేరు అడిగాడు, నాది చెప్పాను. తర్వాత నువ్వు మాట్లాడటం మానేశావు. మాట్లాడని వాడికి ఏమని చెప్పను?"

మరుసటి ఏడాది కార్నివాల్ ముందు సాధనలో సతుర్నీనో లేచి, పాట ఇద్దరిదీ అని చెప్పాడు. ఫెర్మీన్ దాత కాదు, తను దొంగ కాదు, ఇద్దరూ మొండివాళ్ళు అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరికి ముందటి ఏడాది ఏడుపు వృథా అయిందనిపించింది. వెనక వరసలో ఒకతను, "ఈసారి ఎవరైనా చచ్చేముందు డాక్టరు కాగితం చూపించి మమ్మల్ని ఏడిపించండయ్యా" అన్నాడు.

బూరను ఫెర్మీన్ తిరిగి అడగలేదు. నేలిదా తనంతట తనే తెచ్చి దుకాణంలో పెట్టింది. అతను ఎత్తి చూసుకున్నాడు. కరెంటు పెట్టిన చోట భుజం బిగుసుకుపోయింది, బరువు మోపలేకపోయాడు. దించి, గొట్టం లోపల నూనె గుడ్డతో తుడిచి, మీటలు సరిచేసి, మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాడు. తర్వాత రొమ్ముకు ఆనించి పట్టుకునే చిన్న బూర నేర్చుకున్నాడు. దాన్ని పిల్లల ఆటవస్తువని ఇప్పటికీ విసుక్కుంటాడు.

కొన్నేళ్ళకు అతని చంకలో మరో చిన్న బిళ్ళ కనిపించింది. ఈసారి డెల్ఫీనా కాదు, తనే కనిపెట్టి, తనే బస్సెక్కి వెళ్ళాడు. మళ్ళీ అవే పేలాల కణాలు. మారలేదు, పాకలేదు. బి కణాల ఒంటి మీది ఒక గుర్తును వెతికి పట్టుకొని చంపే మందు సెలైనులో ఎక్కించారు. అది కరిగిపోయింది. ఇప్పుడు అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ఆరు నెలలకోసారి వెళ్ళి మెడ, చంకలు, గజ్జలు తడిమించుకొని వస్తాడు.

కిందటేడు జనవరి వానలప్పుడు వనూనీ గనుల నుంచి ఒకామె అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్తకూ మెడలో బిళ్ళ కట్టింది, ఏదో బి కణాల జబ్బన్నారు, మీరు బతికారు కదా, ఎలా బతికారో చెప్పండి అంది. అందరిదీ ఒకే రకం కాదని ఫెర్మీన్ చెప్పాడు. ఆమె వినే స్థితిలో లేదు. అతను వాళ్ళిద్దరికీ తోడుగా లా పాస్ వెళ్ళాడు. ఏ బస్సెక్కాలో, ఏ వరండాలో కూర్చోవాలో, బిళ్ళ మొత్తం చూశారా అని ఎవరిని అడగాలో దగ్గరుండి చూపించాడు. డాక్టర్లు బిళ్ళ మొత్తం చూశారు. ఆమె భర్తది నిజంగానే వేగంగా పాకే రకం. మందులు ఎక్కించినా ఆగలేదు. ఆగస్టు దుమ్ముగాలులు రాకముందే పోయాడు.

ఫెర్మీన్ వనూనీ వెళ్ళి మట్టివేసి వచ్చాడు. రెండు రోజులు దుకాణం తీయలేదు. మూడో రోజు పొద్దున డెల్ఫీనాతో పాటు బజారుకు వెళ్ళి, జావ గిన్నె వెనక కూర్చొని, వచ్చినవాళ్ళకు గ్లాసుల్లో పోసి ఇచ్చాడు. అతనికి ఆ పని రాదు. సగం బల్ల మీద ఒలికింది. డెల్ఫీనా గుడ్డతో తుడిచి, ఇంకో గ్లాసు అతని చేతికిచ్చింది.